వెట్టికి పోనన్న ఐలమ్మ



తాడ్వాయి హాస్టల్లో మేము ఎనిమిదో తరగతి చదివేటప్పుడు, అప్పటికి మనది ఇంకా నిజామాబాద్ జిల్లానే, వక్తృత్వ పోటీలో చాకలి ఐలమ్మ గురించి మాట్లాడి మొదటి బహుమతిగా ఒక స్టీలు టిఫిన్ డబ్బా గెలుచుకున్నాము. ఆమె ఒక్కతే రోకలిబండ పట్టుకుని వంద మంది గూండాలను పొలిమేర దాకా తరిమిందని గొంతు చించుకుని చెప్పాము. చప్పట్లు బాగానే పడ్డాయి. ఆ డబ్బా ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. కాని మేము చెప్పినదాంట్లో సగం సరికాదని పీజీకి వచ్చాక గాని తెలియలేదు. అసలు జరిగింది మేము చెప్పినదానికంటే పెద్దది. సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు ముందు దాన్ని సరిచేసుకుందామని ఈ వ్యాసం రాస్తున్నాము.

మా ఇంట్లో డిగ్రీ పాసైంది మేమే మొదలు. అందుకే కాబోలు, పీజీలో ఫ్రెడరిక్ డగ్లస్ జీవితం చదివినప్పుడు రెండు రోజులు వేరే పుస్తకం ముట్టలేదు. ఆయన అమెరికాలోని మేరీల్యాండ్‌లో 1818లో బానిసగా పుట్టాడు. యజమానురాలు అక్షరాలు నేర్పడం మొదలుపెడితే ఆమె భర్త మాన్పించాడు. చదువు వస్తే బానిస పనికిరాకుండా పోతాడని ఆ యజమాని భయం. అప్పుడు ఆ పిల్లవాడు వీధిలోని తెల్ల పిల్లలకు రొట్టె ముక్కలిచ్చి వాళ్ళ దగ్గర చదవడం నేర్చుకున్నాడు. 1838 సెప్టెంబర్ 3న ఓడ పనివాడి బట్టలు వేసుకుని, ఇంకొకరి దగ్గర అడిగి తెచ్చుకున్న కాగితం జేబులో పెట్టుకుని రైలెక్కి పారిపోయాడు. 1845లో తన కథ తానే రాసుకున్నాడు. పుస్తకంలో యజమాని పేరు, ఊరి పేరు రాశాడు కాబట్టి పట్టుకుపోతారన్న భయంతో ఇంగ్లండుకు వెళ్ళవలసి వచ్చింది. హారియెట్ జేకబ్స్ అనే ఆమె అమ్మమ్మ ఇంటి అటక మీద, సరిగ్గా నిలబడడానికి కూడా వీలులేని చోట, దాదాపు ఏడేళ్ళు దాక్కుని తప్పించుకుంది. ఆమె పుస్తకం 1861లో వచ్చింది. మన పొరుగున పూణేలో మహాత్మా జోతిరావు ఫూలే 1873లో గులాంగిరి రాసి, దాన్ని బానిసత్వం పోగొట్టడానికి పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు.

ఇవన్నీ చదివిన తర్వాత మాకు ఒక ప్రశ్న పట్టుకున్నది. మన తెలంగాణలో వెట్టి ఉన్నది, జీతం ఉన్నది, పెళ్ళికూతురి వెంట వస్తువులాగ పంపించిన ఆడబాపలు ఉన్నారు. మరి అందులోంచి బయటపడ్డవాళ్ళు రాసిన పుస్తకాలేవి? అట్లా వెతుక్కుంటూ పోతే మళ్ళీ మా టిఫిన్ డబ్బా ఐలమ్మ దగ్గరికే వచ్చాము.

ఐలమ్మ 1895 సెప్టెంబర్ 26న ఇప్పటి వరంగల్ జిల్లా రాయపర్తి మండలం కృష్ణాపురంలో ఓరుగంటి మల్లమ్మ, సాయిలు దంపతులకు పుట్టింది. చిన్నతనంలోనే పాలకుర్తికి చెందిన చిట్యాల నర్సింహతో పెళ్ళయింది. పాలకుర్తి అంటే తెలుగు వాచకాల్లో మనం చదువుకునే పాల్కురికి సోమనాథుని ఊరు. పోతన గారి బమ్మెర కూడా ఆ పక్కనే. అంత పెద్ద కవులు పుట్టిన నేల మీద, ఏడు వందల ఏండ్ల తర్వాత కూడా, బట్టలుతికే ఇంటి ఆడపిల్లకు ఓనమాలు అందలేదు.

అప్పుడు నిజాం రాజ్యం. ఊళ్ళమీద పెత్తనం దేశ్‌ముఖ్‌లది, పటేల్ పట్వారీలది. పాలకుర్తి దగ్గరి విసునూరులో ఉండే దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డికి నలభై వేల ఎకరాల భూమి ఉండేదని, అరవై గ్రామాల మీద అధికారం చెలాయించేవాడని పుచ్చలపల్లి సుందరయ్య గారు రాశారు. ఆ గ్రామాల్లో ప్రతి కులానికీ ఒక వెట్టి. చాకలివాళ్ళు దొర ఇంటి బట్టలు ఉతకాలి, అంట్లు తోమాలి, అధికారులు వస్తే మంచాలు మోయాలి. కుమ్మరులు కుండలు ఊరికే ఇవ్వాలి. మాదిగవాళ్ళు చెప్పులు, తోలు సామాన్లు కుట్టివ్వాలి, ఊరూరికి కబురు మోయాలి. గొల్లవాళ్ళు మందలోంచి గొర్రెలు ఇవ్వాలి. ఎవరికీ కూలి లేదు. ఇవన్నీ మన తాతలకు తెలుసు, మన జిల్లాలోనూ గడీలు ఉండేవి.

ఇక్కడ ఒక సంగతి ఆలోచించాలి తమ్ముళ్ళూ. అమెరికాలో బానిసకు ధర ఉండేది, అమ్మకం కాగితం ఉండేది. అందువల్ల తప్పించుకోవడం అంటే ఏమిటో కూడా స్పష్టంగా ఉండేది. ఉత్తరం దిక్కుకు పోవాలి, ఆ గీత దాటాలి. వెట్టికి అట్లాంటి గీత లేదు. ఐలమ్మను ఎవరూ కొనలేదు, గొలుసు వేయలేదు. కాని పాలకుర్తి విడిచి పక్క ఊరికి పోతే అక్కడ కూడా అదే దొర మనుషులు. ఇంకో తాలూకాకు పోతే ఇంకో దొర. ఎక్కడికి పోయినా చాకలి ఇంటి కోడలు చాకలి పనికే. పారిపోవడానికి చోటు లేనప్పుడు మనిషి ఏం చేయాలి? ఉన్నచోటనే ఉండి బయటపడాలి. ఐలమ్మ చేసింది అదే. మేము ఎనిమిదో తరగతిలో చెప్పకుండా వదిలేసింది కూడా అదే.

ఆమె మొదట చేసిన పని పోరాటం లాగా కూడా కనిపించదు. మల్లంపల్లి మక్తాదారు కొండలరావుకు పాలకుర్తిలో నలభై ఎకరాల భూమి ఉంటే దాన్ని కౌలుకు తీసుకుంది. అందులో నాలుగు ఎకరాలు ఇంటిల్లిపాది కలిసి సాగు చేశారు. భూమి పట్టుకున్నది అంటే ఏమైనట్టు? వెట్టి నడిచేది మనిషికి వేరే ఆధారం లేకపోవడం వల్ల. సొంతంగా వరి నాటుకున్న ఇంట్లో కలుపుకు, కోతకు, కల్లానికి మనుషులు కావాలి. ఆ రోజులు ఇక దొరవి కావు, ఆ ఇంటివి. చాకలి ఇంట్లో వడ్ల గుమ్మి నిండితే రేపు పిలిస్తే ఎవరొస్తారు? పట్వారీకి ఈ లెక్క మనకంటే ముందు అర్థమయింది.

అదే కాలంలో సంఘం వచ్చింది. ఆంధ్ర జనసంఘం నుంచి పెరిగిన ఆంధ్ర మహాసభ 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన మొదటి సభ జరుపుకుంది. మనకు దగ్గరి సిరిసిల్లలో 1935లో, నిజామాబాద్‌లో 1937లో కూడా సభలు జరిగాయి. మొదట్లో అది చదువుకున్నవాళ్ళ సభ. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి గారి అధ్యక్షతన జరిగిన సభ తర్వాత ఊళ్ళల్లోకి దిగింది. సభ్యత్వం ఒక్క అణా. వెట్టి పోవాలి, కౌలుదారులను వెళ్ళగొట్టొద్దు అన్నవి వాళ్ళ కోరికలు. పాలకుర్తిలో జీడి సోమనర్సయ్య నాయకత్వంలో సంఘం ఏర్పడింది. ఐలమ్మ అందులో చేరింది. అప్పటికి ఆమెకు యాభై ఏండ్లు. మన దగ్గర ఆ వయసు ఆడవాళ్ళను ముసలామె అని పక్కన కూర్చోబెడతారు.

పాలకుర్తి పట్వారీ వీరమనేని శేషగిరిరావు ఐలమ్మ కుటుంబమంతా వచ్చి తన పొలంలో పని చేయాలని ఒత్తిడి పెట్టాడు. ఆమె రామన్నది. పెద్ద ఉపన్యాసమేమీ లేదు, పనికి పోలేదు, అంతే. కాని బాంచెన్ అని వంగే ఊళ్ళో ఆ ఒక్క పని చిన్నది కాదు. పట్వారీ పోయి దేశ్‌ముఖ్‌కు చెప్పాడు. సంఘంలో చేరిన చాకలామె ఒకతె వెట్టి కాదన్నదంటే అది అరవై ఊళ్ళకు పాకుతుంది. ఐలమ్మ భర్తను, కొడుకులను, వాళ్ళతో పాటు సంఘం నాయకులను కేసులో ఇరికించారు. కేసు దేశ్‌ముఖ్‌కు అనుకూలంగా రాలేదు.

అప్పుడు దొర కాగితం దారి పట్టాడు. మల్లంపల్లి మక్తాదారు ఐలమ్మకు కౌలుకిచ్చిన భూమిని తన పేరు మీద రాయించుకున్నాడు. భూమి నాది కాబట్టి పంట నాది అన్నాడు. వరి అప్పటికి కోతకు వచ్చి ఉన్నది. దున్నింది, నాటింది, నీళ్ళు కట్టింది ఐలమ్మ ఇంటివాళ్ళు. పేరు మాత్రం రాత్రికి రాత్రి మారింది. భూమి కాగితాల కోసం తహసీలు ఆఫీసు చుట్టూ తిరిగిన మన ఇళ్ళవాళ్ళకు ఇది కొత్తగా ఏం అనిపించదు.

కోయడానికి దొర వంద మందిని పంపాడు. ఇక మేము రోకలిబండ అని చెప్పిన ఘట్టం ఇదే. నిజానికి ఆ రోజు చేను దగ్గర ఐలమ్మ ఒంటరిగా లేదు. ఆంధ్ర మహాసభ కార్యకర్తలు 28 మంది గుత్పలు పట్టుకుని వచ్చారు. భీంరెడ్డి నరసింహారెడ్డి, నల్లు ప్రతాపరెడ్డి, చకిలం యాదగిరిరావు, కట్కూరి రామచంద్రారెడ్డి వంటివాళ్ళు అందులో ఉన్నారు. దొర మనుషులు నిలబడలేక పారిపోయారు. కార్యకర్తలే వరి కోశారు, కొట్టారు, వడ్లు మోసి ఐలమ్మ ఇంటికి చేర్చారు. పేర్లు చూడండి. రెడ్లు ఉన్నారు, కరణాల ఇంటిపేరువాళ్ళు ఉన్నారు. చాకలి ఇంటికి వడ్లు మోసుకుపోయిన రెడ్డి కొడుకులను ఆ ఊరు అంతకు ముందు చూసి ఉంటుందా? మాకైతే వంద మందిని తరిమినదానికంటే ఇదే పెద్ద సంగతి అనిపిస్తుంది. ఉపన్యాసంలో ఐలమ్మను ఒంటరిని చేసి మేము సంఘాన్ని తీసేశాము. ఒక్క మనిషి ధైర్యం గొప్పదే. కాని ఆ ధైర్యానికి పక్కన నిలబడ్డవాళ్ళు లేకపోతే ఆ వడ్లు గడీకే పోయేవి.

ఆ రాత్రే పోలీసులు నాయకులను పట్టుకుని విసునూరుకు, అక్కడి నుంచి జనగామకు తీసుకుపోయి చిత్రహింసలు పెట్టారు. ఐలమ్మ ఇంటిని తగులబెట్టారు. వడ్లు, డబ్బు ఎత్తుకుపోయారు. ఆమె కూతురి మీద అత్యాచారం చేశారు. ఆ బిడ్డ పేరు చాలా పుస్తకాల్లో ఉంది, మేము ఇక్కడ రాయడం లేదు. ఇంత జరిగాక కూడా ఐలమ్మ కౌలు వదలలేదు. కోర్టుకు పోయింది. కొండా లక్ష్మణ్ బాపూజీ గారు ఆమె తరపున నిలబడ్డారు. దేశ్‌ముఖ్ మళ్ళీ ఓడిపోయాడు. తర్వాత ఆమె కొడుకులు పట్వారీ ఇంటిని కూలగొట్టి ఆ జాగలో మొక్కజొన్న వేశారని చెప్తారు. ఇది మంచిదా చెడ్డదా అని మా రూంలో ఒక రాత్రంతా వాదన అయింది. ఇల్లు కాలిపోయినవాళ్ళ కోపం ఇంట్లో పడుకున్నవాళ్ళకు తెలియదని ఒక మిత్రుడు అన్నాక అందరం ఊరుకున్నాము.

చదువు రాని మనిషి కోర్టుకు పోయి దొర కాగితాన్ని ఓడించడం మామూలు విషయం కాదు. ఏ కాగితం మీద ఏముందో ఆమె ఇంకొకరిని అడిగి తెలుసుకోవాల్సిందే. డగ్లస్ చదువు నేర్చుకుని పారిపోయాడు. ఐలమ్మ చదువు లేకుండానే కాగితంతో కొట్లాడింది.

ఆ తర్వాతి చరిత్ర మీ పాఠాల్లో ఉన్నదే. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య విసునూరు దొర మనుషుల తూటాలకు చనిపోయాడు. అక్కడి నుంచి పోరాటం సాయుధమై నల్లగొండ, వరంగల్, ఖమ్మం జిల్లాలకు పాకింది. సుందరయ్య గారి లెక్క ప్రకారం మూడు వేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచారు, నాలుగు వేల మంది ప్రాణాలు పోయాయి. 1948 సెప్టెంబర్‌లో నిజాం లొంగిపోయాడు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారుల చట్టం వచ్చింది. 1951 అక్టోబర్‌లో పోరాటం విరమించారు.

ఆ తర్వాత ఐలమ్మ ముప్పై నాలుగేండ్లు బతికింది. మేము చదివిన చాలా వ్యాసాలు ఈ ముప్పై నాలుగేండ్లను ఒక్క వాక్యంలో దాటేస్తాయి. మేము కూడా ఎక్కువ చెప్పలేము. ఆమె మంత్రి కాలేదు, ఎమ్మెల్యే కాలేదు, పాలకుర్తిలోనే ఉన్నది. 1985 సెప్టెంబర్ 10న ఎనభై తొమ్మిదేండ్ల వయసులో కన్నుమూసింది. 2024లో హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. ఆ కాలేజీ ఉన్నది ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీలో. నిజాంను గద్దె మీద నిలబెట్టిన తెల్లదొరల బంగళాకు అక్షరం రాని చాకలామె పేరు వచ్చింది.

ఈ పేరు మీద కూడా ఒక మాట. ఆమె ఇంటిపేరు చిట్యాల. చిట్యాల ఐలమ్మ అనాలని కొందరు, చాకలి ఐలమ్మ అనాలని కొందరు అంటారు. హాస్టల్లో మాతో పాటు ఉన్న ఒక తమ్ముణ్ణి కులం పేరుతో పిలిచి ఏడిపించేవాళ్ళు. మేమూ నవ్వినవాళ్ళలో ఉన్నాము. ఐలమ్మ మీద మేము ఉపన్యాసం ఇచ్చిన రోజు ఆ తమ్ముడు ముందు వరుసలో కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. దొర అవమానంగా పిలిచిన మాటను ఆమె పేరు ముందు నిలబెట్టి గౌరవం చేయడమే న్యాయమని మాకు అప్పటినుంచి అనిపిస్తుంది. ఒప్పుకోనివాళ్ళు వచ్చే సంచికలో రాయవచ్చు.

ఇక మా ప్రశ్నకు వస్తే, ఐలమ్మ మాటలు పుస్తకంలో ఉన్నాయి. స్త్రీ శక్తి సంఘటన అనే బృందంలోని స్త్రీలు తెలంగాణ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళ దగ్గరికి పోయి, వాళ్ళు చెప్పింది రికార్డు చేసి, 1986లో మనకు తెలియని మన చరిత్ర అనే పేరుతో అచ్చు వేశారు. మల్లు స్వరాజ్యం, కొండపల్లి కోటేశ్వరమ్మ వంటివాళ్ళతో పాటు ఐలమ్మ కూడా అందులో మాట్లాడింది. పుస్తకం అచ్చయ్యేనాటికి ఆమె లేదు. అమెరికాలో కూడా అందరూ డగ్లస్ లాగా రాయలేదు. 1936 నుంచి 1938 వరకు అక్కడి ప్రభుత్వమే మనుషులను పంపి, ముసలివాళ్ళయిపోయిన రెండు వేల మందికి పైగా పాత బానిసల మాటలు రాయించింది. రాయడం వచ్చినవాడు తన కథ రాసుకుంటాడు. రానివాళ్ళ కథ ఎవరో ఒకరు అడిగితేనే మిగులుతుంది.

వెట్టి చాకిరి రాజ్యాంగంలోని 23వ అధికరణంతో నేరమయింది. అప్పు కింద మనిషిని జీతానికి పెట్టుకోవడం 1976 చట్టంతో నిషేధమయింది. అయినా మన మండలాల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్ళను అడగండి, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకుంటే ఇంటికి రావడం ఎట్లా ఉంటుందో చెప్తారు. చట్టం రావడం వేరు, అది మన గడపదాకా రావడం వేరు. మా తాత జీతం చేశాడని మాకు తెలుసు. ఎన్నేండ్లు, ఎందుకు, ఎట్లా బయటపడ్డాడు అని మేము ఏనాడూ అడగలేదు. డగ్లస్‌ను ఏ ఊళ్ళో ఎవరు చదువు మాన్పించారో చెప్పగలము గాని మా తాత ఎవరి దగ్గర ఉన్నాడో చెప్పలేము. ఆయన పోయి ఆరేండ్లయింది.

ఈ వ్యాసం కోసం పోయిన నెల ఇంటికి పోయినప్పుడు నోటుబుక్కు పట్టుకుని నానమ్మ దగ్గర కూర్చున్నాము. ఆమె మొదట నవ్వి, ఇవన్నీ ఇప్పుడెందుకని లేచిపోయింది. రాత్రి అన్నం తిన్నాక తానే మొదలుపెట్టింది. తాత అక్క పెళ్ళికి అప్పు తెచ్చారు. దాని కింద తాతను పదేండ్ల వయసులో పశులు కాయడానికి పెట్టారు. ఏడాదికి జొన్నలు, ఒక గొంగడి, ఒక చెప్పుల జత. తెల్లగా ఉన్న కాగితం మీద తాత నాయన వేలిముద్ర పెట్టాడు. ఆ కాగితం పటేలు ఇంట్లోనే ఉండేది. ఒక వానాకాలం తాతకు జ్వరం వచ్చి పదిహేను రోజులు పోలేదు. లేచాక కూడా పోలేదు. రెండుసార్లు మనుషులొచ్చి పిలిచారు. నానమ్మ వాకిట్లో అడ్డంగా నిలబడి ఇంకా జ్వరం తగ్గలేదని చెప్పి పంపించింది. మూడోసారి ఎవరూ రాలేదు.

మేము రాసుకున్నదంతా ఆమెకు చదివి వినిపించాము. ఆమె గోడకు ఒరిగి కళ్ళు మూసుకుని విన్నది. తొమ్మిదేండ్లు జీతం చేశాడని రాసిన చోట ఆపింది. వేళ్ళు మడిచి లెక్క పెట్టి, మా నాయన పుట్టిన ఏడుతో కలుపుకుని, తొమ్మిది కాదు, పదమూడు అని దిద్దించింది.